ఎక్కుటకు గల కారణము

"ప్రపంచంలో ప్రమాదమన్నది లేదు. ఉన్నదల్లా అజాగ్రత్త ఒక్కటే."

ఇది ఏ మహర్షి వాక్కో కాదు, మా ఆయన రమణమూర్తి గారిది. భర్తల మీద లోకంలో రకరకాల ఫిర్యాదులుంటాయి. తాగుతాడని, పేకాడతాడని. మా ఆయనకు అలాంటి లౌకికమైన దోషాలేవీ లేవు. ఆయన కొర్రీలు వేస్తారు. పాడేరులో, ప్రమాదాల్లో దెబ్బతిన్న గిరిజనులకు సహాయం మంజూరు చేసే ఆఫీసులో సూపరింటెండెంటు. వచ్చిన ప్రతి దరఖాస్తుకూ ఒక ప్రశ్న తగిలించి వెనక్కి పంపడం ఆయన ఉద్యోగం. ఇంట్లో పప్పులో ఉప్పు తగ్గినా "తగ్గుటకు గల కారణమేమి?" అంటారు.

మాకు చింతపండూ, కూరకు లేత వెదురు కొమ్ములూ తెచ్చిచ్చే సోములమ్మకు కూడా ఒక కొర్రీ పడింది. ఆమె మొగుడు గాసి, కాఫీ తోటలో సిల్వర్ ఓక్ చెట్టుకు పాకిన మిరియాలు కోస్తూ నిచ్చెన జారి పడ్డాడు. తొడ ఎముక విరిగింది. విశాఖ తీసుకెళ్లి ఆపరేషన్ చేయించకపోతే కాలు వంకరగా అతుక్కుంటుందన్నారు డాక్టరు గారు. సహాయం కోసం ఆమె దరఖాస్తు పెట్టింది. దానికి మా ఆయన రాసింది ఇది:

"సదరు గాసి చెట్టును స్వచ్ఛందముగా ఎక్కినట్లు తెలియుచున్నది. ఎక్కకుండుటకు అవకాశముండియు ఎక్కుటకు గల కారణము తెలుపవలెను. చెట్టు తనంతట తానే వచ్చి మీద పడియున్నచో పరిశీలించబడును."

భోజనాల దగ్గర నాకు చదివి వినిపించి, "చివరి ముక్క చూశావా? మానవతా దృక్పథం" అన్నారు.

సోములమ్మ మా గుమ్మంలోనే అడిగింది. "ఏటి బాబూ, ఇలగ రాసినారు?"

"పైనుంచి వచ్చింది" అన్నారు మా ఆయన.

ఆ ఆఫీసుకు పైన పెంకులున్నాయి. పెంకుల మీద కోతులున్నాయి. అంతకు పైన ఎవరూ లేరు.

ఇలాంటి మనిషికి యాభయ్యో ఏట సైకిలు పూనింది. విశాఖలో ఒక సైకిల్ క్లబ్బు వాళ్లు బ్యాంకాక్ నుంచి సింగపూర్ దాకా తొక్కుతున్నారని తెలిసి పేరిచ్చేశారు. పాస్‌పోర్టు రాకముందే ఊళ్లో వర్తకులు వీడ్కోలు సభ పెట్టి శాలువా కప్పారు. "సాహసమే నా ఊపిరి" అని ఆయన మైకులో చెప్పారు. ఊపిరి సంగతి నాకు తెలుసు. రోజూ పొద్దున్నే ఘాట్ రోడ్డు మీద కిందికి దొర్లుకుంటూ వెళ్లి, సైకిలును బస్సు టాపు మీద వేయించుకుని తిరిగొచ్చేవారు. దిగడం సాధన. ఎక్కడం ఆర్టీసీ వారి బాధ్యత.

అంతా బాగానే ఉండేది. కానీ ట్రావెల్ ఇన్సూరెన్స్ లేనివాణ్ణి విమానం ఎక్కించేది లేదని క్లబ్బు వాళ్లు కబురు పెట్టారు. అంతే, ప్రమాదమన్నదే లేదన్న మనిషికి థాయిలాండ్ రోడ్ల నిండా ప్రమాదాలే కనిపించాయి. కుక్క కరిస్తే? ఏనుగు అడ్డొస్తే? కొబ్బరికాయ నెత్తిన పడితే? ఒక పాలసీ సూట్‌కేసు పోతే ఇస్తుందట, కాలు పోతే ఇవ్వదట. ఇంకొకటి కాలికి ఇస్తుంది గాని, విరిగేటప్పుడు ఆ కాలు సైకిలు మీద ఉండకూడదట. మూడోదానికి అన్నీ సమ్మతమే, ప్రయాణికుడు కారులో కూర్చుని ఉంటే చాలు. మా ఆయన ఒక్కో పాలసీకీ ఒక్కో కొర్రీ వేస్తూ కూర్చున్నారు. బజారులో జనం "ఇంకా ఎల్లలేదేటండీ?" అని అడగడం మొదలెట్టారు. కప్పిన శాలువా బరువెక్కుతోంది.

ఇక నేనే విశాఖకు ఫోన్ చేశాను. మా పిన్ని కొడుకు శివకుమార్ ఇన్సూరెన్స్ ఏజెంటు. వాణ్ణి ఆదివారం రమ్మన్నాను. చింతపండు కావాలని సోములమ్మనూ ఆదివారమే రమ్మన్నాను. ఇల్లు నడిపేవాళ్లకు ఆ మాత్రం ప్రణాళిక ఉండాలి.

శివకుమార్ రాగానే వంటింట్లోకి పిలిచి, గాసి మీద పడిన కొర్రీ అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పాను.

"మంచి పాలసీ తెచ్చానక్కా. అది చూపించే ముందు బావగారిని ఇవే అడుగుతాను. బావమరిదిగా పుట్టింది ఎందుకు?" అన్నాడు.

హాల్లో కూర్చుని కలం తీశాడు. "బావగారూ, సైకిలు మీరే ఎక్కుతారా? ఎవరైనా ఎక్కిస్తారా?"

"నేనే ఎక్కుతాను."

"స్వచ్ఛందం" అని రాసుకున్నాడు. "ఎక్కకుండా ఉండే అవకాశం ఉందా?"

"అంటే?"

"అక్కడ బస్సులున్నాయి కదండీ."

"బస్సెక్కితే సైకిల్ యాత్ర ఎలా అవుతుందయ్యా?"

"అది మీ అభిప్రాయం. అవకాశం ఉండి కూడా ఎక్కడానికి గల కారణం?"

మా ఆయన ముఖం ఎర్రబడింది. "పడి కాలు విరిగితే ఇస్తారా, ఇవ్వరా? అది చెప్పు."

"రోడ్డు తనంతట తానే లేచి వచ్చి మీ మీద పడితే పరిశీలిస్తాం బావగారూ."

మా ఆయన కుర్చీలోంచి లేచారు. గొంతు వీధిలోకి వినిపించింది. "కాలు విరిగినవాణ్ణి ఎందుకెక్కావని అడుగుతారా? పడ్డవాడు కావాలని పడతాడా? ఏ బుద్ధిలేనివాడు రాశాడయ్యా ఈ ప్రశ్నలు?"

శివకుమార్ నావైపు చూశాడు. నేను కాఫీ గ్లాసువైపు చూశాను.

వీధి అరుగు మీద చింతపండు బుట్ట దించుకుని సోములమ్మ నిలబడి ఉంది.

"బాగా అన్నారు బాబూ" అంది. "మా ఓడికీ ఇదే అడిగినారు గదా. సెట్టెక్కకపోతే మిరియాలు ఎలగొస్తాయి? మాం సెప్తే ఇనరు. ఆ పైనున్నోడెవుడో, ఆడితోటీ ఇలగే గట్టిగా అనండి బాబూ."

మా ఆయన అలవాటు కొద్దీ పైకి చూశారు. ఫ్యాను తిరుగుతోంది.

"పైన ఎవరూ లేరు సోములమ్మా" అన్నారు నెమ్మదిగా. "అది రాసింది నేనే. రేపు పొద్దున్నే ఆఫీసుకు రా, ఆ కొర్రీ కొట్టేస్తాను." ఆ తరువాత ఇంకేదో మీసాల్లో గొణిగారు.

"ఏమిటండీ?" అన్నాను గుమ్మంలోంచి. "సరిగా వినపడలేదు."

ఆయన నన్ను చూశారు, బావమరిదిని చూశారు, మళ్లీ నన్ను చూశారు. మనిషికి అంతా అర్థమైంది.

"తప్పు రాశాను" అన్నారు, ఈసారి వీధి చివరికి వినబడేలా.