ట్రక్కులో తుపాకీకి తగిన చోటు

మనిషి బండి కొన్న రోజున నాగరికత మొదలైంది, ఆ బండిలో తుపాకీ పెట్టుకున్న రోజున అది పూర్తయింది. ఇది టెనెస్సీలోని హాచర్ కౌంటీ పెద్దల ఏకగ్రీవ అభిప్రాయం. ఇక మిగిలిన చిన్న సందేహమల్లా ఆ తుపాకీని బండిలో ఎక్కడ పెట్టాలన్నదే. దాన్ని తేల్చడానికి కౌంటీవారు ఒక విభాగాన్నీ, ఒక అధికారిణినీ, ఒక కొలత టేపునీ ఏర్పాటు చేశారు. (టేపు ముందు వచ్చింది.)

అలాంటి విభాగం ఒకటుందని డెల్మర్ ప్రూయిట్‌కి తెలియనే తెలియదు. జీవితమంతా ఇటుకలు పేర్చి విశ్రాంతి తీసుకుంటున్న తాపీ మేస్త్రీ అతను. ట్రక్కు పాతది, ముందు రెండే సీట్లు, వెనకాల సామాన్ల తొట్టి. తుపాకీ అంతకన్నా పాతది, వాళ్ళ నాన్న నాటి పొడుగు గొట్టం రివాల్వర్. అది డాష్‌బోర్డు సొరుగులో కాగితపు రుమాళ్ళతో, కెచప్ పొట్లాలతో, టైర్లలో గాలి చూసే గేజీతో కలిసిమెలిసి కాపురం చేస్తోంది. ఇన్నేళ్ళలో దాన్ని బయటికి తీసింది రెండేసార్లు. ఒకసారి దాని కింద ఇరుక్కున్న గేజీ కోసం, ఇంకోసారి కెచప్ కోసం. అయినా సరే, అది లేకుండా రోడ్డెక్కడమంటే డెల్మర్‌కి చొక్కా లేకుండా చర్చికి వెళ్ళినంత మొహమాటం.

ట్రక్కుకి తాళం వేసే అలవాటు మాత్రం లేదు. తాళంచెవి పగలూ రాత్రీ బండికే వేలాడుతూ ఉంటుంది. ఊళ్ళో అందరూ తెలిసినవాళ్ళే కదా మరి. తుపాకీ ఏమో తెలియనివాళ్ళ కోసం.

ప్రతి శనివారం పొద్దున్నే అతను కూతురు కార్లా ఇంటికెళ్ళి మనవరాలు ఓపల్‌ని ఎక్కించుకుంటాడు. ఇద్దరూ డోనట్లు కొనుక్కుని, నది వంతెన పక్కన బండి ఆపి, బొగ్గు పడవలు వెళ్తుంటే చూస్తూ తింటారు. ఏడేళ్ళ ఓపల్ పక్క సీట్లో కాళ్ళు ఊపుకుంటూ, బళ్ళో ఎవరు ఎవర్ని గిల్లారో, పంతులమ్మ చూడకుండా క్లాసులో కుందేలుకి క్రేయాన్ తినిపించిందెవరో చెబుతూ ఉంటుంది. డెల్మర్ ఊఁ కొడుతూ ఉంటాడు. నిజం చెప్పాలంటే అతని వారంలో వారం అనదగ్గది అదొక్కటే. మిగతా రోజులు శనివారం కోసం వరసలో నిలబడ్డట్టే ఉంటాయి.

వ్యవహారమంతా జామ్ వల్ల బయటపడింది. ఒక శనివారం తిరిగొచ్చాక, బండి దిగుతూనే ఓపల్ వాళ్ళమ్మ ముందర శుభవార్తలాగా చెప్పేసింది.

"తాతా, నీ తుపాకీకి నా డోనట్ జామ్ అంటింది. నేను తుడిచేశాలే."

కార్లా చేతిలో కాఫీ కప్పు అలాగే ఆగిపోయింది. బడి బస్సులు ఏ దారిన వెళ్ళాలో రోజంతా రేడియోలో చెప్పే ఉద్యోగం ఆమెది. ఆమె ఒకసారి చెప్పాక బస్సులే ఎదురు చెప్పవు.

"దాన్ని ఎందుకు ముట్టుకున్నావే?"

"రుమాలు దాని కిందుందమ్మా."

"నాన్నా, అందులో గుళ్ళున్నాయా?"

"గుళ్ళు లేకపోతే దాన్ని తుపాకీ అని ఎందుకంటారే? సుత్తి అంటారు."

"దాన్ని ఇంట్లో పడేసి రా."

"ఇంట్లో పెడితే ట్రక్కుకి దిక్కెవరు?"

"ట్రక్కుకేమొచ్చింది ఇప్పుడు?"

"దొంగలు రారూ?"

"వచ్చి అందులోంచి ఏం ఎత్తుకెళ్తారు నాన్నా?"

డెల్మర్ నిజాయితీగా ఆలోచించాడు. ట్రక్కులో విలువైన వస్తువు ఒక్కటే ఉంది. "తుపాకీని," అన్నాడు.

కార్లా తీర్పు చెప్పేసింది. తుపాకీని తాళంలో పెట్టాలి, పిల్ల చేతికి అందకూడదు, కౌంటీ ఆఫీసు నుంచి సర్టిఫికెట్ తేవాలి. అంతవరకూ ఓపల్ ఆ ట్రక్కెక్కదు. ఓపల్ ఏడుపు లంకించుకుంది. డెల్మర్‌కి కూడా అదే పని చెయ్యాలనిపించింది కానీ, వయసు అడ్డొచ్చింది.

మర్నాడే అతను రోయిస్ తుపాకుల కొట్టుకి పరిగెత్తాడు. రోయిస్ చిన్ననాటి స్నేహితుడు, ట్రక్కు తుపాకీ శాస్త్రంలో కౌంటీ మొత్తానికీ పెద్దదిక్కు.

"ముందు పెట్టె ఎంచుకో గురూ," అన్నాడు రోయిస్. "ఆ తర్వాత పెట్టెలో పట్టే తుపాకీ."

"అంటే చెప్పు కొనుక్కుని కాలు వెతుక్కోమంటావ్."

"వెటకారం తర్వాత. మీ నాన్న రివాల్వర్ని ట్రక్కులో పెడతారటయ్యా ఎవరైనా? పోతే కుళ్ళి కుళ్ళి ఏడుస్తావ్. ట్రక్కు తుపాకీకి ఒక్కటే లక్షణం ఉండాలి. పోయినా మనకి కన్నీళ్ళు రాకూడదు." (పోయిన తుపాకీ వల్ల ఆ తర్వాత ఎవరికి కన్నీళ్ళు వస్తాయన్నది వేరే విభాగం పరిధిలోని అంశం.)

ఎంపిక శాస్త్రోక్తంగా సాగింది. రోయిస్ అద్దాల బల్ల మీద తుపాకులు పరిచి, డెల్మర్‌ని కళ్ళు మూసుకోమన్నాడు.

"ఇది పోయిందనుకో. ఎలా ఉంది?"

"కొంచెం దిగులుగా ఉంది."

"అయితే వద్దు. ఇదో?"

"పాపం అనిపిస్తోంది."

"వద్దు. ఇది?"

డెల్మర్ ఒక కన్ను తెరిచి చూశాడు. కాలిన బూరెలాంటి రంగు, మొద్దు ముక్కు, దాన్ని తయారుచేసినవాడికే దాని మీద ప్రేమ ఉన్నట్టు లేదు. "పోతే పోనీ," అన్నాడు.

"ఇదే నీ తుపాకీ," అని రోయిస్ బిల్లు రాసేశాడు. దాంతోపాటు వేలిముద్ర చూసి తెరుచుకునే ఉక్కు పెట్టె కూడా అంటగట్టాడు. యజమాని వేలు తప్ప ప్రపంచంలో ఏ వేలికీ అది లొంగదట.

డెల్మర్ ఖాళీ పెట్టెని గర్వంగా తీసుకెళ్ళి కార్లా ఇంటి వరండాలో పెట్టాడు. బొటనవేలు ఆనించాడు. ఎర్రదీపం. చూపుడు వేలు. ఎర్రదీపం. పదివేళ్ళూ అయిపోయాయి. ఇటుకా సిమెంటూ కలిసి ఆ వేళ్ళ మీది గీతల్ని ఎప్పుడో అరగదీసేశాయి. సగం ఊరికి గోడలు కట్టిన మనిషి ఎవరో తనకు తెలియదని పెట్టె తేల్చి చెప్పింది. తండ్రీకూతుళ్ళిద్దరూ వివరాల పుస్తకం మీద పడి, నీకు చదవడం రాదంటే నీకు రాదని వాదించుకుంటూ ఉండగా పక్కన ఠంగుమని చప్పుడైంది. పచ్చదీపం వెలిగి, మూత లేచింది.

"తాతా, నాకు తెరుచుకుంది!" అని ఓపల్ గంతులేసింది.

మొదట చదవగలిగిన వేలినే పెట్టె యజమానిగా రాసుకుంటుంది కాబట్టి, ఆ క్షణం నుంచి దానికి భూమ్మీద యజమాని ఓపల్ ఒక్కతే. ఫోన్లో రోయిస్ సంతోషించాడు. "చూశావా, పెట్టెలో లోపమేమీ లేదు." ఆ వేలిముద్ర చెరిపెయ్యాలంటే ఎలా అని డెల్మర్ అడిగితే, యజమాని వచ్చి వేలు పెట్టి అనుమతి ఇవ్వాలన్నాడు.  కార్లా వరండా తలుపు వేసుకుంది.

ఆ పెట్టెని వెనక్కిచ్చి, తాళంచెవితో తెరిచే మామూలు పెట్టె తెచ్చుకుని, కొత్త తుపాకీని అందులో పెట్టాడు డెల్మర్. అదైతే ముసలి పందిలా బరువు. దాన్ని పట్టుకుని కౌంటీ ఆఫీసుకి వెళ్ళాడు. వాహనాంతర ఆయుధ భద్రతా విభాగానికి అధికారిణి ఇమోజిన్ టట్ల్ గారు. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, టేపు చేతబట్టుకుని ఆవరణలోకి వచ్చారు. ముందుగా ఆవిడ చూపు ట్రక్కు వెనక అద్దం మీది స్టిక్కర్ దగ్గర ఆగింది. "ఈ బండికి కాపలా తుపాకీ" అని పెద్దక్షరాల్లో ఉందది.

"ఇదెందుకు పెద్దాయనా?"

"దొంగలు చదివి భయపడతారనండీ."

"చదివి, అయ్యో ఈ బండిలో తుపాకీ ఉందా, అద్దం పగలగొట్టి తీసుకుందాం అనుకోరూ?"

డెల్మర్‌కి దొంగ వైపు నుంచి ఆలోచించడం అలవాటు లేదు. ఊళ్ళో సగం ట్రక్కుల మీద అదే స్టిక్కర్ ఉందని మాత్రం చెప్పాడు. టట్ల్ గారు తలూపారు. దొంగలకు తిరిగే శ్రమ తగ్గించిన కౌంటీ మాదేనన్నారు. స్టిక్కర్ గీకేశారు. (అక్షరాల మచ్చ ఇప్పటికీ చదవొచ్చు.)

తర్వాత చోటు సంగతి. సొరుగులో పెట్టకూడదు, దొంగ ముందు చూసేది అదే. సీటు కింద కూడదు, రెండోది అదే. వెనక తొట్టి అసలే కూడదు, పెట్టెతో సహా ఎత్తుకుపోతారు. పెట్టెని బండి చట్రానికి బోల్టులతో బిగించాలి. బయటివాళ్ళకి కనపడకూడదు.

"అయితే సీటు వెనకాల బిగిస్తానండీ."

"అక్కడైతే మీ చెయ్యి అందుతుందా?"

"అందదు."

"ఆపదలో అందని తుపాకీ ఉండి లాభమేంటి? డ్రైవరు కదలకుండా చెయ్యి చాపితే అందాలి, అది మొదటి నిబంధన. పక్కన కూర్చున్న పిల్ల చెయ్యి చాపితే అందకూడదు. రెండో నిబంధన ఇదే."

"మా పాప నా పక్కనే కదండీ కూర్చుంటుంది. నాకు అందేది దానికీ అందుతుంది."

"ఆ వైరుధ్యం మా దృష్టికి వచ్చింది," అన్నారు టట్ల్ గారు ప్రశాంతంగా. "అందుకే ఇంతవరకూ ఎవరికీ సర్టిఫికెట్ ఇవ్వలేదు."

శనివారాలు ఒట్టినే వచ్చి పోతున్నాయి. డెల్మర్ ఒక్కడే వంతెన దగ్గరికెళ్ళి, రెండు డోనట్లు కొని, ఒకటి తిని, రెండోది ఏం చెయ్యాలో తెలియక దాన్ని కూడా తినేసేవాడు. కుందేలు సంగతి ఏమైందో తెలియదు. ఎంత పిచ్చి దిగులు పట్టుకుందంటే, ఒకరోజు పెట్టెని బండి కప్పుకి వేలాడదీస్తే ఎలా ఉంటుందని కొలత కూడా తీశాడు. తలకి తగిలి బొప్పి కట్టింది.

చివరికి దారి చూపించింది బళ్ళ పొగగొట్టాలకి సైలెన్సర్లు బిగించే షెడ్డులోని మెకానిక్. అతను ట్రక్కులోకి తొంగి చూసి, "చట్రంలోకి దిగే బోల్టు కన్నాలు రెడీగా ఉంటే కొత్తగా తొలవడం ఎందుకు పెద్దాయనా?" అని పక్క సీటు వైపు వేలు చూపించాడు. సీటు ఊడదీస్తే దాని కన్నాల్లోనే పెట్టె కూర్చుంటుంది. డ్రైవరు కుడిచెయ్యి చాపితే చాలు. దొంగ వందేళ్ళు లాగినా ఊడి రాదు. మీద పాత దుప్పటి కప్పితే కనపడదు. డెల్మర్‌కి ప్రాణం లేచొచ్చింది. అన్నాళ్ళ నుంచీ అతని బుర్రనిండా నిబంధనలే తిరుగుతున్నాయి. ఆ సీటు ఎవరిదన్నది ఆ కాసేపూ గుర్తే రాలేదు.

టట్ల్ గారు తనిఖీకి వచ్చారు. డ్రైవరు సీట్లో కూర్చుని చెయ్యి చాపారు. అందింది. బోల్టులు గుంజారు. కదల్లేదు. దుప్పటి తీసి చూసి, మళ్ళీ కప్పారు.

"ఇప్పుడు పిల్లని పక్కన కూర్చోబెట్టండి."

డెల్మర్ దుప్పటి అంచు సర్దాడు. "కూర్చోవడానికి చోటు లేదండీ."

టట్ల్ గారు పెట్టెకీ తలుపుకీ మధ్య టేపు పట్టి చూశారు. ఆవిడ ముఖంలో మెల్లగా వెలుగొచ్చింది. "చోటు లేకపోతే పిల్ల చెయ్యి అందే ప్రసక్తే లేదు. రెండో నిబంధన నెగ్గింది పెద్దాయనా!"

"కానీ మా పాప..."

"మీ పాపకి ఈ బండిలో ఏ ప్రమాదమూ జరిగే అవకాశం లేదు. నా సంతకంతో రాసిస్తున్నాను." ఈ కౌంటీలో ఇంత సురక్షితమైన బండిని చూడలేదంటూ ఆవిడ డెల్మర్ చెయ్యి పట్టుకుని ఊపారు. మొదటి సర్టిఫికెట్ అతనిదే. నిజం దాచడమెందుకు, అతనికి గర్వంగానే అనిపించింది. మిగతాది కార్లా చూసుకుంటుందిలే అనుకున్నాడు.

శనివారం పొద్దున హారన్ మోగగానే ఓపల్ ఎండ టోపీ పెట్టుకుని దూసుకొచ్చింది. ట్రక్కు తలుపు తెరిచింది. దుప్పటి కప్పుకున్న పెట్టె అక్కడ కూర్చుని ఉంది. కుదుపులకి గలగలమంటోందని డెల్మర్ దానికి సీటు బెల్టు కూడా పెట్టాడు.

"ఎవరు తాతా ఇది?"

డెల్మర్ జేబులోంచి సర్టిఫికెట్ తీసి కార్లా చేతికిచ్చాడు. ఆమె దాన్ని పైనుంచి కిందిదాకా చదివింది. తను అడిగినవన్నీ ఉన్నాయి. తాళం ఉంది, పిల్ల చేతికి అందదు, ముద్ర ఉంది, సంతకం ఉంది.

"నాన్నా," అంది చివరికి, గొంతు తగ్గించి. "ఆ పెట్టె పీకేసి సీటు మళ్ళీ పెట్టెయ్యకూడదూ? పిల్ల నీకోసం ఎంత ఎదురుచూసిందో తెలుసా?"

డెల్మర్ ఓపల్ వైపు చూశాడు. దాన్ని ఎత్తుకుని అలాగే ఒళ్ళో కూర్చోబెట్టుకుని పోవాలనిపించింది. అంత బెంగ పెట్టుకున్నాడు ఆ పిల్ల మీద. ఆ బెంగతోనే బాగా ఆలోచించాడు.

"పీకెయ్యొచ్చే. కానీ పీకేస్తే బండిలో పాప ఉంటుంది, తుపాకీ ఉండదు. దారిలో పాపకేమైనా అయితే?"

కార్లా సర్టిఫికెట్ మడిచి అతని చొక్కా జేబులో పెట్టింది. ఓపల్ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. డెల్మర్ పెట్టె మీద దుప్పటి సర్ది, బెల్టు ఇంకోసారి చూసుకుని, డోనట్ల కొట్టు వైపు జాగ్రత్తగా బండి పోనిచ్చాడు.

ఆ శనివారం దారిలో పాపకి ఏమీ కాలేదు. ఆ తర్వాత కూడా ఏ శనివారమూ ఏమీ కాలేదు.