ఆదివారం పదింటికి రండి

ఆ సోమవారం పొద్దున టైపమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదిన్నరకు స్నానాల గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకోవాలి. పదిన్నర లోపు దెయ్యం కథ మొదటి పేజీ చెప్పెయ్యాలి.

ముప్పై ఏళ్ళు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపి, ఊళ్ళోవాళ్ళ అర్జీలూ కథలూ అన్నీ తన వేళ్ళతో కొట్టిన మనిషి కాబట్టి అందరికీ టైపమ్మ అయింది. భర్త పోయాక కూతురి దగ్గరికి ఈ పరాయి దేశం వచ్చి పదకొండేళ్ళు. ఇన్నాళ్ళూ 'అలా బయటికి వెళ్దాం పదమ్మా' అని కూతురు ప్రాణం తీసేది. ఇప్పుడు మహమ్మారి పుణ్యమా అని, ఎవరూ గడప దాటొద్దని ప్రభుత్వమే చెప్పింది. డెబ్బై రెండేళ్ళ వయసులో ఆవిడకు ఇంత నిమ్మళం ఎన్నడూ లేదు. ఆ నిమ్మళంలోనే, ఒక్క కథైనా సొంతంగా రాయాలనే కోరిక పుట్టింది. వేళ్ళు వంగడం మానేశాయి గనక, నోటితో చెబితే రాసుకునే ఏర్పాటు ఫోనులో పెట్టించుకుంది. ముందుగదిలో కూతురి ఆఫీసు, పడగ్గదిలో అల్లుడి లెక్కల క్లాసు. మిగిలింది స్నానాల గదే.

కిటికీలోంచి చూస్తే వీధిలో పురుగు లేదు. ఎవరూ లేని కూడలిలో సిగ్నల్ దీపం ఎర్రబడుతోంది, పచ్చబడుతోంది. టైపమ్మ బకెట్ బోర్లించి కూర్చుని, గోడలో గాలిగొట్టం జాలీ కేసి చూస్తూ, బతికున్న భర్తను తన దగ్గరికి రమ్మని పిలిచే భార్య దెయ్యం గొంతుతో మొదలుపెట్టింది. "ఏమండీ! ఒంటరిగా ఎన్నాళ్ళుంటారండీ?"

సాయంత్రం కళ్ళజోడు పెట్టుకుని ఫోను చూసుకుంటే, తను చెప్పిన వాక్యం కింద తను చెప్పనిది ఒకటుంది. 'తొమ్మిది రోజులైంది మనిషి ముఖం చూసి.'

వీపు మీద చన్నీళ్ళు పోసినట్టయింది. ఆవిడకు కుడి చెవి మందం, ఎడమది అంతంత మాత్రం. తనకు వినబడనిది ఫోనుకు వినబడిందా? ఫోనే ఏదో పొరపాటు పడి ఉంటుందిలే అని సర్దిచెప్పుకుంది. కానీ వాక్యం బాగుంది. తీసెయ్యబుద్ధి కాలేదు.

మంగళవారం, "నేనెక్కడికీ పోలేదండీ, మీ పక్కనే ఉన్నాను" అని చెప్పింది. ఫోనులో దాని కింద, 'పక్కన కాదు. మీ గొంతు పైనుంచి వస్తోంది' అని పడింది.

ఈసారి కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివింది. ఇది ఆయనేనా? బతికున్నంత కాలం తనను ఒక్కసారి కూడా 'మీరు' అనలేదే! పోయాక మర్యాద నేర్చుకున్నారేమో. భయం వేసింది. భయంతో పాటు కథా సాగింది. గురువారానికి నాలుగు పేజీలైతే, అందులో రెండు ఆవిడవి కావు. శుక్రవారం గుండె చిక్కబట్టుకుని, దెయ్యం చేత ముహూర్తం పెట్టించింది. "ఆదివారం పదింటికి వచ్చెయ్యండి. ఇక మనకు అడ్డెవరూ ఉండరు."

ఫోను రాసుకుంది. 'తప్పకుండా. తెల్లచొక్కా వేసుకుంటాను.'

చేతులు కడుక్కోవడానికి వచ్చిన అల్లుడు తలుపు బయట నిలువునా బిగుసుకుపోయాడు. ఆవిడ మాటా విన్నాడు, ఎక్కడో లోతులోంచి మగగొంతు పలకడమూ విన్నాడు. పరుగున వెళ్ళి పెళ్ళాంతో చెప్పాడు.

"అత్తయ్యగారు మామయ్యగారితో మాట్లాడుతున్నారు."

"ఏ మామయ్యగారు?"

"నాకున్నది ఒక్కరేగా!"

"నాన్న పోయి పదకొండేళ్ళయింది."

"ఆ సంగతి ఆయనకు తెలిసినట్టు లేదు. ఆదివారం పదింటికి వస్తున్నారు."

కూతురు తల్లి దగ్గర కూర్చుని, మెల్లగా అడిగింది. "అమ్మా, నాన్న గుర్తొస్తున్నారా?"

టైపమ్మ మొహం పాలిపోయింది. "నీకూ వినబడిందా?"

కూతురు భోరుమంది. వెంటనే ఆరోగ్యశాఖకు ఫోన్ చేసింది. మతి తప్పడం కూడా ఈ జబ్బు లక్షణమేననీ, ఆదివారం పొద్దున మనుషుల్ని పంపుతామనీ అవతలివాళ్ళు చెప్పారు.

ఆదివారం సరిగ్గా పదింటికి గంట మోగింది. కూతురు తలుపు తీసింది. గడపలో తల నుంచి కాళ్ళ దాకా తెల్లటి తొడుగుల్లో రెండు ఆకారాలు. ఆవిరి పట్టిన అద్దాల వెనక కళ్ళు లేవు. వాటి మధ్య తెల్లచొక్కా, తెల్లమాస్కు వేసుకున్న ముసలాయన చేతులు జోడించి నిలబడి ఉన్నాడు.

"ఒక్కణ్ణి రమ్మంటే ఇంతమందిని వెంటేసుకొచ్చారేమిటండీ!" అంటూ టైపమ్మ కుర్చీలో కూలబడింది.

మెట్ల మీద దబదబ అడుగులు. కింది అంతస్తులో కొత్తగా దిగినతను రొప్పుతూ వచ్చి ముసలాయన చెయ్యి పట్టుకున్నాడు. "మా నాన్నగారండీ! పొద్దున్నే గడ్డం గీసుకుని, 'పైకి రమ్మన్నారు, వెళ్తున్నా' అంటున్నారు! అమ్మ పోయినప్పటి నుంచీ దిగులు."

"పై అంతస్తుకిరా!" అన్నాడు ముసలాయన విసుగ్గా.

తొడుగులవాళ్ళకు ఈ భాష ఒక్క ముక్క అర్థం కాలేదు. అందిన ముక్కులో అందినట్టు పుల్లలు పెట్టారు, అయిదుగురికీ. ఎవరికీ జబ్బు లేదని తేలేసరికి ముసలాయన టైపమ్మ వైపు తిరిగాడు.

"ఈ దేశంలో దిగగానే పద్నాలుగు రోజులు నన్ను గదిలో పెట్టారండీ. అన్నం కూడా గుమ్మం దగ్గరే. స్నానాల గది గొట్టంలోంచి మీరు పలకరించారు. ఇక్కడ నన్ను పలకరించిన మొదటి మనిషి మీరు. రైల్వేలో గార్డుగా చేశాను, పదంటే పదికే వస్తాను."

టైపమ్మ సిగ్గుతో చితికిపోయింది. "అది కథండీ. దెయ్యం మాటలవి. మీ మాటల్ని కూడా అందులో కలిపేసుకున్నాను."

"మరి ఆ భర్తను ఏం చేద్దామని?"

"చంపేద్దామని."

ముసలాయన తెల్లచొక్కా అంచు సవరించుకున్నాడు. "అప్పుడే వద్దండీ," అన్నాడు మెల్లగా. "ఆయనకు ఇప్పుడిప్పుడే కాస్త బాగుంటోంది."

టైపమ్మ కళ్ళు తుడుచుకుని సరేనంది. మర్నాటి నుంచి రోజూ తొమ్మిదిన్నరకు గొట్టానికి ఈ కొసన ఆవిడ, ఆ కొసన ఆయన. కూతురు ఇంకో బకెట్ కొని, దాని మీద దిండు కూడా వేసింది. ఏడాది తిరిగేసరికి కథ మూడువందల పేజీలైంది.

దెయ్యం కథలో ఒక్కరు కూడా చావకపోతే ఎలాగని పత్రికలన్నీ దాన్ని వెనక్కి పంపించేశాయి.