మిరపకాయల గోడౌనులో చలి పందెం

పెళ్ళయిన ఇరవై ఎనిమిదేళ్ళలో మా ఆవిడ ప్రమీలమ్మ నన్ను నోరు తెరిచి అడిగింది ఒక్కటే, బదరీనాథ్ తీసుకుపొమ్మని. నేనూ ఏటా సరేననే అన్నాను. కానీ కడప వై.వి. స్ట్రీట్లో బట్టల షాపు పెట్టుకున్నవాడికి ఎండాకాలం పెళ్ళిళ్ళ బేరం, ఆ తర్వాత శ్రావణమాసం, ఆపైన దసరా, దీపావళి. మా బేరాలు తగ్గే నెలకు అక్కడ గుడి మంచులో మూతపడి ఉంటుంది. నాకూ బదరీనారాయణుడికీ సెలవులు కలిసేవి కావు.

2006లో మా అబ్బాయి జ్ఞానేశ్వర్ షాపు తను చూసుకుంటానన్నాడు. దీపావళి అయిన నాలుగో రోజుకు రైలు టిక్కెట్లు తీసుకున్నాను. గుడి మూయడానికి రెండు వారాల ముందన్నమాట. ఆ సాయంత్రమే మా ఆవిడతో, ప్రయాణానికి నాకొక మంచి జాకెట్టు కావాలని చెప్పాను.

ఆమె బియ్యం ఏరడం ఆపి నన్ను పైనుంచి కిందికి చూసింది.

"మీకు జాకెట్టు ఏమిటికి? కావాలంటే షాపులో ముక్కలుండాయి కదా. కొలతలిస్తే నేనే కుడ్తా."

ముప్పై ఏళ్ళుగా జాకెట్టు ముక్కలు చించి అమ్ముతున్నవాడిని, మాట ఒలకబోసుకున్నాక ఎత్తుకోవడం కష్టమైంది. చలికి వేసుకునే కోటు అని విడమరచి చెప్పాను.

నవ్వులాటగా మొదలైనా ఆమెకు లోపల భయం ఉంది. అంతకు ముందటేడు మా వీధి మిఠాయి కొట్టు బొజ్జన్న పంచె, పల్చటి శాలువాతో బదరీనాథ్ బయలుదేరాడు. ఇంకో ముప్పై కిలోమీటర్లలో గుడి ఉందనగా చలిజ్వరం తగిలి, దర్శనం లేకుండానే వెనక్కి వచ్చాడు. ఇరవై ఎనిమిదేళ్ళు కాచుకున్న దర్శనం ఒక గుడ్డ కారణంగా పోగొట్టుకోవడం మా ఆవిడకు ఇష్టం లేదు. అందుకని ప్రశ్నలు మొదలుపెట్టింది. అక్కడ వాన ఎక్కువా, గాలి ఎక్కువా? నడిచేదెంత, బస్సులో కూర్చునేదెంత? మధ్యాహ్నం ఎండ కాస్తుందా? అవి తెలుసుకోకుండా కోటు కొనడం, పెళ్ళికూతుర్ని చూడకుండా చీర రంగు ఖాయం చేయడంలాంటిదని ఆమె వాదన.

నేను నవ్వేశాను. కళ్ళు మూసుకుని గుడ్డ మీద చేయి వేస్తే అది ఎన్నో నంబరు నూలో చెప్పగలిగినవాడికి, చలికోటు ఒక లెక్కా?

మరుసటి వారం సరుకు కోసం హైదరాబాదు పోయినప్పుడు కొనేశాను. నల్లటి రెగ్జిన్ కోటు. తెల్లగా మెరిసే జిప్పులు ఆరు, భుజాల మీద మెత్తలు, వీపు మీద రెక్కలు విప్పిన గద్ద. అద్దంలో చూసుకుంటే పాతికేళ్ళు తగ్గినట్టనిపించింది. పొట్ట మాత్రం తగ్గలేదు కాబట్టి జిప్పు అక్కడికొచ్చి కాసేపు ఆలోచించింది. బలంగా లాగితే పడింది.

ఇంటికి తెచ్చి చూపిస్తే ప్రమీల దాన్ని లోపలా బయటా తిప్పి చూసి, స్వెట్టరు వేసుకుంటే దీనిలో పడతారా అని అడిగింది. స్వెట్టరు అక్కర్లేదని, ఇది కంబళికి అన్నలాంటిదని చెప్పాను. ఆమె కోటును మంచం మీద పెట్టింది. గద్ద బోర్లా పడింది.

నాలుగు రోజుల తర్వాత ఆమె తన కోటు తెచ్చుకుంది. ఇక్కడ లేవి గురించి చెప్పాలి. లేవి పద్దెనిమిదేళ్ళు మిలిటరీలో చేసి, అందులో మూడేళ్ళు లడాఖ్‌లో ఉండి వచ్చిన మనిషి. ఇప్పుడు ఊరి చివర మిరపకాయలు నిలవ చేసే కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరు. ఆయన అల్లుడికి డెహ్రాడూన్‌లో ఉద్యోగం. మా ఆవిడ లేవిని అడిగి, ఆ అల్లుడు సెలవులో వస్తుంటే తెప్పించుకుంది. కాఫీ గింజ రంగు కోటు. తలకు టోపీ దానికే కుట్టి ఉంది, గడ్డం దాటి ముక్కుదాకా మూసే కాలరు, మణికట్టు దగ్గర బిగువు. చేత్తో ఎత్తి చూస్తే బూరుగుదూది దిండంత బరువు కూడా లేదు. ఇది వేసుకుని కొండెక్కితే గాలికి కొట్టుకుపోతావన్నాను. కొండ మీద దీన్ని మోసేది నేను, మీరు కాదు కదా అంది.

మూడు రోజులు ఇదే గొడవ. నాలుగో రోజు ఆమె దోసె తిప్పుతుండగా నాకొక ఆలోచన తట్టింది. కడపలో చలి ఎక్కడుంది? లేవి గోడౌనులో ఉంది. ఇద్దరం ఎవరి కోటు వాళ్ళు వేసుకుని అక్కడ కూర్చుందాం, ముందు బయటికొచ్చినవాళ్ళు బదరీనాథ్‌కు రెండోవాళ్ళు చెప్పిన కోటే వేసుకోవాలి అన్నాను. ఆమె దోసెను ఎర్రగా కాల్చి నా పళ్ళెంలో వేసింది.

"సరే. ఆదివారం పోదాం. నా పూజ అయినాక, పది గంటలకు."

నేను పొద్దున ఏడుకన్నాను గానీ ఆమె వినలేదు. పోనీలే అనుకున్నాను, ఎందుకంటే నా దగ్గర వేరే ఎత్తు ఉంది. నవ్వకండి. కోటు లోపల ఇంకేమీ వేసుకోకూడదని పందెంలో ఎవరూ అనలేదు.

ఆదివారం గది తలుపు మూసుకుని మూడు నూలు బనీన్లు వేశాను. వాటి మీద ఫుల్ చేతుల చొక్కా, దాని మీద జ్ఞానేశ్వర్ కాలేజీ నాటి స్వెట్టరు. ఇక కోటు పట్టలేదు. మంచం మీద వెల్లకిలా పడుకుని, ఊపిరి బిగబట్టి, రెండు చేతులా జిప్పు లాగాను. లేచి నిలబడితే చేతులు ఒంటికి ఆనడం లేదు, గడప దగ్గర పక్కకు తిరగాల్సి వచ్చింది.

ఇంట్లోనే ఎందుకు వేసుకున్నారని ఆమె అడిగింది. అలవాటు కావాలి కదా అన్నాను. మంచి పని అని మెచ్చుకుని, తన కోటు మడిచి సంచిలో పెట్టుకుంది.

ఆటో ఎక్కాక ఆమె డ్రైవరుతో దేవుని కడప గుడికి పోనిమ్మంది. మరి పందెం సంగతేమిటని నేను అడిగితే, యాత్రకు సంబంధించిన పని మొదలుపెడుతూ స్వామికి కొబ్బరికాయ కొట్టకపోతే ఎట్లా అంది. దేవుడి పేరు చెప్తే కాదనలేను. గుడి బయట చెప్పులు విడిచిన చోటి నుంచి బండలు పెనం మాదిరి కాలుతున్నాయి. వరసలో నిలబడ్డవాళ్ళు నా వీపు మీది గద్దను చూసి కొంచెం ఎడంగా జరిగారు. హారతి పళ్ళెం పట్టుకొచ్చిన అయ్యగారు నా ముఖం చూసి, ముందు తీర్థం ఇచ్చారు.

అక్కడి నుంచి గోడౌనుకు అనుకున్నాను. దోవలోనే కదా, లక్ష్మీదేవమ్మను చూసి రెండు నెలలయింది అంది ప్రమీల. లక్ష్మీదేవమ్మ ఆమె పెద్దమ్మ కూతురు. మేము లోపలికి పోయి కూర్చోగానే కరెంటు పోయింది. ఆ మహాతల్లి పొగలు కక్కే కాఫీ, అప్పుడే వాయి దించిన మిరపకాయ బజ్జీలు తెచ్చి నా ముందు పెట్టింది.

"ఏం బావా, ఇంత ఉడుకులో ఆ కోటేంది? తీసి ఆ కొయ్యకు తగిలియ్యండి."

తీస్తే మూడు బనీన్ల భాగోతం బయటపడుతుంది. నాకు ఉడుకే లేదని చెప్పాను. చెప్తుండగానే ముక్కు చివరి నుంచి చెమట బొట్టు కాఫీలో పడింది. మా ఆవిడ విసనకర్ర తీసుకుని, శ్రద్ధగా తనకు తను విసురుకుంటూ, వాళ్ళ మేనత్త మోకాళ్ళ నొప్పుల గురించి మొదటి నుంచీ అడిగింది. మేనత్తకు మోకాళ్ళు రెండే ఉన్నందుకు ఆరోజు దేవుడికి దండం పెట్టుకున్నాను.

గోడౌను చేరేసరికి పన్నెండున్నర. లేవి నా అవతారం చూసి, మా ఆవిడ వైపు తిరిగి నవ్వు ఆపుకున్నాడు. మందపాటి తలుపు తెరిచి, బస్తాల మధ్య రెండు కుర్చీలు వేసి, చేతి గడియారం చూసుకున్నాడు.

మొదటి రెండు నిమిషాలు స్వర్గం. ఇంత సుఖం నా జన్మలో ఎరగను. పందెం గెలిచానని అప్పుడే చెప్పేద్దామనుకున్నాను. ప్రమీల కోటు తొడుక్కుని, టోపీ తల మీదికి లాక్కుని, కాలరు మూసి, సంచిలోంచి పత్తి తీసి దేవుడికి వత్తులు చేయడం మొదలుపెట్టింది.

నాలుగో నిమిషంలో వెన్నులో ఏదో పాకింది. మొదటి బనీను చల్లబడింది. తర్వాత రెండోది. తర్వాత మూడోది. నూలు చెమటంతా తాగి కూర్చుంది, రెగ్జిన్ అందులో ఒక్క చుక్కను బయటికి పోనివ్వలేదు. చాకిరేవులో పిండని దుప్పటి తెచ్చి ఎవరో నా వీపుకు చుట్టినట్టుంది. ఏడో నిమిషానికి పళ్ళు తాళం వేశాయి. తొమ్మిదో నిమిషానికి ఆ తాళానికి మిరపకాయల ఘాటు కలిసి తుమ్ములు మొదలయ్యాయి. మొదటి తుమ్ము ఓర్చుకున్నాను. రెండోదానికి కుర్చీ కదిలింది. మూడోదానికి జిప్పు పొట్ట దగ్గర పగిలి పైకీ కిందికీ విచ్చుకుపోయింది. స్వెట్టరు బయటపడింది.

ఆమె వత్తి చేయడం ఆపలేదు.

"జ్ఞానేశ్వర్ స్వెట్టరు ఈడుండాదా? దాని కోసం పొద్దున బీరువా అంతా ఎతికినా."

నేను లేచి పరుగెత్తాను. కాళ్ళు బిగుసుకుని ఉండటంతో తూలి, పక్క బస్తా మూతి పట్టుకున్నాను. దాని కుట్టు ఊడింది. మిరపకాయలు నా మీదుగా జలజలా రాలాయి. లోపల బస్తాలు సర్దుతున్న ఇద్దరు హమాలీలు తుమ్ముతూ బయటికి పరుగెత్తారు, వాళ్ళ వెనక లేవి, అందరికన్నా ముందు నేను. ప్రమీల ఒక్కతే ముక్కుదాకా కాలరు మూసుకుని కూర్చుంది. నూటెనిమిది వత్తులు పూర్తయ్యాకే బయటికి వచ్చింది.

ఎండలో నిలబెట్టి లేవి నా బనీన్లు ఒక్కొక్కటే విప్పి పిండాడు. నీళ్ళు కారాయి.

"సుబ్బయ్య శెట్టీ, చలి గుడ్డ బరువు సూడదు," అన్నాడు. "ఒంటికి తడి ఆరే గుడ్డ ఒకటి, దాని మీద ఉన్ని, మీద గాలినాపేది ఒకటి. ఎర్రగడ్డ పొరల మాదిరి. ఉడుకైతే ఒక పొర తీసేయాల. తీయలేని పొర ఏసుకుంటే సచ్చినట్టే."

ఇంటికి వచ్చి మిరియాల కషాయం తాగుతుండగా ప్రమీల బీరువా తెరిచి, ముదురు నీలం కోటు ఒకటి నా ఒళ్ళో పెట్టింది. ఆమె కోటు లాంటిదే. లోపల స్వెట్టరు పట్టేలా ఒక సైజు పెద్దది. వేసుకుంటే జిప్పు పొట్ట మీదుగా మాట్లాడకుండా పోయింది.

"ఇది ఎప్పుడు తెచ్చినావు?"

"నాది తెచ్చిన దినమే. లేవి అల్లుడు రెండూ తెచ్చినాడు."

"అంటే పందేనికి ముందే. మరి నేను గెలిచింటే?"

"గది తలుపేసుకుని మీరు మూలుగుతాంటే ఇంటిచుట్టూ ఇనబడింది. దేవుని కడప, లక్ష్మీదేవమ్మ ఇల్లు తిరిగినాక ఇంకా గెలుస్తాననుకుంటిరా?"

అయితే ఆ కొబ్బరికాయ భక్తితో కొట్టింది కాదా అని అడిగాను. భక్తి కూడా ఉండాది, లేకుంటే మీకు జ్వరం తగిలేది అంది.

అనుకున్న రోజుకే బదరీనాథ్ చేరాం. గాలి కత్తిలా ఉంది, కొండల మీద కొత్త మంచు. గుడి రంగులు కనబడగానే మా ఆవిడ నిలబడిపోయింది. నూటెనిమిది వత్తులున్న సంచిని గుండెకు హత్తుకుంది.

వరసలో మా వెనక గుంటూరాయన ఒకడు వణుకుతూ నా కోటు పట్టుకు చూశాడు. ఎంత బాగా ఎంచుకున్నారండీ అన్నాడు. అంతే, నాలోని వ్యాపారి లేచాడు. చలికి గుడ్డ బరువుతో పని లేదని, నూలు చెమట తాగుతుందని, పొరలు ముఖ్యమని, ఇవన్నీ అనుభవం మీద తెలిసే సంగతులని వివరంగా చెప్పడం మొదలుపెట్టాను. ఎలా తెలిసిందండీ అని ఆయన అడిగాడు.

ప్రమీల వెనక్కి తిరిగింది. నా కోటు టోపీని తల మీదికి లాగి, కాలరు ముక్కుదాకా మూసి, తాడు బిగించి ముడి వేసింది.

"దర్శనానికి తలుపులు తీసినారు. నడవండి."