మా అత్తగారు ప్రమాణంలో లేరు

మన దేశంలో రాజ్యాంగం తరవాత అంత గౌరవంగా అచ్చయ్యేదీ, రోడ్డు మీదకి రాగానే అంత తేలిగ్గా మాయమయ్యేదీ కారు కంపెనీవారు ప్రకటించే మైలేజీ ఒక్కటే. ఈ సంగతి అందరికీ తెలుసు. విజయవాడ భవానీపురంలో ఉండే ఫిలిప్ గారికి మాత్రం తెలీదు. ఆయన జూనియర్ కాలేజీలో లెక్కల లెక్చరరు. అచ్చులో ఒక అంకె కనిపిస్తే నమ్మడం ఆయన వృత్తి ధర్మం.

కిందటి ఏప్రిల్‌లో ఆయన ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కారు కొన్నాడు. అంటే కరెంటుతోనూ నడుస్తుంది, పెట్రోలుతోనూ నడుస్తుంది. ఇంట్లో ప్లగ్గు పెట్టి ఛార్జి చేస్తే ఎనభై కిలోమీటర్లు కరెంటు మీదే పోతుందనీ, ఆ తరవాత ఇంజను అందుకుంటుందనీ, అన్నీ కలిపి లీటరుకి అరవై ఇస్తుందనీ కంపెనీ చెప్పింది. (కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. ఏ పేరు పెట్టినా మీరు నమ్ముతారు.)

"పెట్రోలు బంకువాళ్ళు మీ మొహం మర్చిపోతారు సార్," అన్నాడు షోరూములో కుర్రాడు.

ఫిలిప్ గారు ఆ మాటని సీరియస్‌గా తీసుకున్నాడు. కారుతో ఇచ్చిన పుస్తకంలో "అనవసరమైన బరువు మైలేజీని తగ్గిస్తుంది" అని ఉంది. పెట్రోలుకీ బరువుంటుంది. కాబట్టి ఆయన ట్యాంకులో పెట్రోలు అడుగంటే దాకా ఊరుకున్నాడు. ఆయన భార్య స్టెల్లా ప్రైవేటు ఆస్పత్రిలో హెడ్ నర్సు. "కాస్త పోయించండీ," అని రెండుమూడు సార్లు అంది. ఆయన కాగితం తీసుకుని ఆవిడకి లెక్క చేసి చూపించాడు. లెక్క తప్పు లేదు.

మే నెలలో స్టెల్లా వాళ్ళమ్మ రావమ్మ గారికి కంటి ఆపరేషను పెట్టారు. ఆవిడ మైలవరంలో ఉంటుంది. శుక్లం ముదిరి రెండేళ్ళుగా బైబిలు చదువుకోలేకపోతోంది. పక్కింటి పిల్ల చదివి పెడుతుంది గానీ, ఆ పిల్ల కీర్తనలన్నీ న్యూస్ చదివినట్టు చదివేస్తుందని ఆవిడ బాధ. బెంజ్ సర్కిల్ దగ్గరి ఆస్పత్రిలో పదకొండింటికి టైమిచ్చారు. ఆ డాక్టరు గారి టైము దొరకడమే గగనం.

మైలవరం వెళ్ళి రావడానికి అరవై కిలోమీటర్లు. కారు ఇచ్చేది ఎనభై. ఫిలిప్ గారు స్టెల్లాని ఎక్కించుకుని ధీమాగా బయల్దేరాడు.

ఎండ మండిపోతోంది. ఏసీ వేశారు. వచ్చేటప్పుడు రావమ్మ గారు, ఆవిడ బట్టల సంచీ, ఒక మామిడిపళ్ళ గంప అదనంగా చేరాయి. జి.కొండూరు రాకుండానే బ్యాటరీ ఖాళీ అయింది. ఇంజను ఉలిక్కిపడి లేచింది. కొండపల్లి దగ్గరికొచ్చేసరికి అదీ ఆగిపోయింది.



"ఇది కరెంటుదా బాబూ, పెట్రోలుదా?" అని అడిగింది వెనక సీట్లోంచి రావమ్మ గారు.

"రెండూ అత్తయ్యగారూ."

"రెండూ ఉండి ఆగిపోయిందా?"

ఫిలిప్ గారు ఇరవై రెండేళ్ళుగా పాఠాలు చెబుతున్నాడు. ఇంత సూటి ప్రశ్న ఏ విద్యార్థీ వెయ్యలేదు.

స్టెల్లా మొగుడి వైపు చూడకుండా కిందకి దిగింది. దాంతో ఆయనకి భయం వేసింది. తల్లి చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించి, ఆటో ఆపి ఎక్కించుకుపోయింది. వాళ్ళు ఆస్పత్రికి చేరేసరికి డాక్టరు గారు వెళ్ళిపోయారు. మళ్ళీ టైము ఆగస్టులో దొరికింది. ఆ మూడు నెలలూ రావమ్మ గారు పక్కింటి పిల్ల న్యూసే విన్నది.

ఫిలిప్ గారు కంపెనీకి ఫిర్యాదు చేశాడు. కంపెనీవారు ఎంతో మర్యాదస్థులు. మర్నాడే "వినియోగదారుల అంచనాల సవరణ విభాగం" నుంచి పవన్‌కుమార్ అనే ఆఫీసరు టై కట్టుకుని ఇంటికొచ్చాడు. (ఆ విభాగం కార్లు సవరించదు. పేరులోనే ఉంది.)

"ఏసీ వేశారా అండీ?"

"మే నెలండీ!"

"అంటే వేశారన్నమాట." రాసుకున్నాడు. "కారులో ఎంతమంది?"

"నేను, మా ఆవిడ, మా అత్తగారు."

పవన్‌కుమార్ పెన్ను ఆపి జాలిగా చూశాడు. "మా ప్రమాణంలో అత్తగారు లేరండీ. డ్రైవరు ఒక్కడే. అదీ మధ్యరకం మనిషి. బయట ఇరవై మూడు డిగ్రీలు ఉండాలి. ఎత్తుపల్లాలు ఉండకూడదు. మీరు దుర్గ గుడి ఫ్లైఓవరు ఎక్కుతారా?"

"భవానీపురం నుంచి కాలేజీకి వెళ్ళాలంటే ఎక్కాలి కదండీ."

"అది మీ వ్యక్తిగత నిర్ణయం సార్."

"పోనీ, లీటరుకి అరవై అన్నారు. నాకు పదిహేడే వస్తోంది."

"మొదట కరెంటు మీద పోయిన దూరాన్ని కూడా అందులో కలుపుతామండీ."

"అంటే పెట్రోలు వాడకుండా తిరిగిన దూరాన్ని కూడా పెట్రోలు ఖాతాలో వేశారా?"

"లెక్కల మాస్టారు కదా, ఇట్టే పట్టేశారు!" అని పవన్‌కుమార్ మనస్ఫూర్తిగా మెచ్చుకున్నాడు.

చివరికి కారుని అధికారికంగా పరీక్షిస్తామన్నారు. విజయవాడలో పగటిపూట ఇరవై మూడు డిగ్రీలు ఉండాలి గనక జనవరి దాకా ఆగమన్నారు. ఫిర్యాదు స్థితి అడిగినప్పుడల్లా "వాతావరణం పరిశీలనలో ఉంది" అని మెసేజీ వచ్చేది. ఈలోగా ఆగస్టులో రావమ్మ గారు ఆర్టీసీ బస్సులో వచ్చి ఆపరేషను చేయించుకుంది. బస్సు ఎంత ఇస్తుందని ఎవరూ అడగలేదు. అది వచ్చింది.

జనవరిలో ఒక పొద్దున పవన్‌కుమార్ వచ్చి కారులోంచి స్టెపినీ, కాళ్ళ కింద పట్టాలు, డాష్‌బోర్డు మీద ఉన్న చిన్న సిలువ తీసి పక్కన పెట్టాడు. ఫిలిప్ గారు ఎక్కబోతే ఆపాడు.

"మీరు బరువండీ."

ఫిలిప్ గారు స్టెల్లా స్కూటరు తీసుకుని కారు వెనకాలే వెళ్ళాడు. కారు బెంజ్ సర్కిల్ దాటి, బందరు రోడ్డెక్కి, కిటికీలు బిగించుకుని, ఇరవై దాటకుండా సాగింది. వెనక లారీలు హారన్లు కొట్టాయి. వరిగడ్డి ట్రాక్టర్లు దాటిపోయాయి. ఉయ్యూరు దగ్గర ఒక పెద్దాయన స్కూటరు పక్కకి సైకిలు తెచ్చి, "ఎవరు బాబూ పోయింది?" అని మెల్లిగా అడిగి టోపీ తీశాడు.

కారు కరెంటు మీద ఎనభై ఒకటి ఇచ్చింది.

పవన్‌కుమార్ అక్కడే చెట్టు కింద సర్టిఫికెట్టు రాసిచ్చాడు. వాహనం నిర్దోషి. యజమాని వాడకం ప్రమాణాలకు అనుగుణంగా లేదు. యజమానికి వారంటీ వర్తించదు.

ఇంటికొచ్చి ఫిలిప్ గారు కారు అమ్మేద్దామన్నాడు. స్టెల్లా ఎనిమిది నెలల్లో మొదటిసారి ఆయనకి కాఫీలో చక్కెర ఎంతో అడిగి వేసింది.

మొదట సంజీవరావు గారనే కాంట్రాక్టరు చూడ్డానికి వచ్చాడు. కరెంటు మీద ఎంత ఇస్తుందని అడిగాడు. ఫిలిప్ గారు ఆదివారం చర్చిలో పిల్లలకి పాఠం చెప్పే మనిషి.

"ముప్పై ఎనిమిదండీ," అన్నాడు.

సంజీవరావు గారు కారు చుట్టూ తిరిగాడు. వంగి కిందకి చూశాడు. "కంపెనీవాడు ఎనభై అంటున్నాడే! అయితే బండిలో ఏదో పెద్ద లోపమే ఉంది. మీరు దాస్తున్నారు," అని వెళ్ళిపోయాడు. తరవాత వచ్చిన ఇద్దరూ అదే మాటన్నారు.

నాలుగో ఆయన వచ్చాడు. బెంజ్ సర్కిల్‌లో బట్టల షాపుట. ఎంత ఇస్తుందని అడిగాడు. ఫిలిప్ గారు గొంతు సవరించుకున్నాడు. ఈలోగా లోపల్నించి స్టెల్లా వచ్చింది.

"ఎనభై ఒకటండీ," అంది. "సర్టిఫికెట్టు కూడా ఉంది."

ఆయన సర్టిఫికెట్టు చూశాడు, బేరం కూడా ఆడకుండా తాళాలు తీసుకున్నాడు. వెళ్తూ వెళ్తూ ఫిలిప్ గారి చెయ్యి పట్టుకుని, "మీలాంటి నిజాయితీపరుల దగ్గర కొంటే నిశ్చింతండీ. ఇందాక మరో చోట చూశాను. ఇలాంటి బండే. నలభై కూడా రాదని మొహం మీదే అబద్ధం చెప్పాడు," అన్నాడు.