తల ఊపితే అర్థమైనట్టే

అర్థంకాకపోవడం అనే వ్యాధిని మన విద్యాశాఖ సమూలంగా నిర్మూలించింది. ఇకపై ఏ పిల్లకైనా ఏ పాఠమైనా అర్థమై తీరుతుంది, వేరే దారి లేదు.

పద్ధతి సులభం. ఇంట్లో కూర్చుని కళ్ళకి వర్చువల్ రియాలిటీ డబ్బా తగిలించుకుంటే చాలు, బల్లలు, నల్లబల్ల, కిటికీ అవతల చెట్టుతో సహా తరగతి గది ప్రత్యక్షమవుతుంది. (చెట్టు మీది పిట్టని మాత్రం, పిల్లల దృష్టి మళ్ళిస్తోందని సస్పెండు చేశారు.) పాఠం కాగానే తెరమీది టీచరమ్మ "అర్థమైందా?" అంటుంది. తల కిందికి వంగితే అర్థమైనట్టు. వెంటనే పై పాఠం.

మా చిన్నది మూడో తరగతి. డబ్బాలేమో పెద్దవాళ్ళ తలల కొలతకి చేయించారు. టీచరమ్మ అడగడం, డబ్బా ముక్కు మీదికి జారడం, దాని బరువుకి పిల్ల తల వాలడం అన్నీ ఒక్కసారే జరిగిపోతున్నాయి. అలా భాగహారం ఒక్క ముక్క రాకుండానే ఆరో తరగతిలో పడింది. మా అత్తగారు చుట్టాలందరికీ ఫోన్లు చేసి మరీ మురిసిపోయారు.

"నాన్నా, నన్ను మళ్ళీ మూడులో వెయ్యమనవా?" అంది చిన్నది. ముక్కు మీద డబ్బా ఒరుసుకుపోయిన ఎర్రటి గీత.

"అర్థం కాలేదని తల అడ్డంగా ఊపొచ్చుగా, అమ్మలూ?"

"ఊపాను. పక్కవాళ్ళని చూస్తున్నానని టీచరమ్మ గోడవైపు తిప్పి కూర్చోబెట్టింది."

ఇక లాభం లేదని విద్యాశాఖ ఆఫీసుకి బయల్దేరాను. "అక్కడ మీ అలవాటు కొద్దీ తల ఊపి రాకండి," అని మా ఆవిడ గుమ్మందాకా వచ్చి మరీ చెప్పింది. అబ్బే, నేనా!

అవగాహనా నిర్ధారణాధికారి బల్లకి అవతల కుర్చీలో, డబ్బా పెట్టుకుని ఉన్నారు. ఎదురుగా ఉన్నవాళ్ళతో నేరుగా మాట్లాడటం నిబంధనలకి విరుద్ధమట. గుమాస్తా నాకూ ఒకటి తగిలించాడు. లోపల అధికారిగారు కాస్త సన్నగా, ఒత్తైన జుట్టుతో దర్శనమిచ్చారు.

"సార్, మా అమ్మాయికి భాగహారం రాదండీ."

"వస్తుంది. వచ్చినట్టు రికార్డుంది."

"దానికి అర్థం కాలేదని అదే చెప్తోంది సార్!"

"అర్థమైందండీ. అర్థమైన సంగతి అమ్మాయికింకా తెలియలేదు, అంతే." ఆపైన ఆయన పిల్లల మానసిక వికాసం గురించి, నా సహకార లోపం గురించి చాలాసేపు వివరించారు. ఒక్క ముక్క నా బుర్రకెక్కితే ఒట్టు. చివర్న, "అర్థమైందా?" అన్నారు.

ఉద్యోగంలో చేరిన నాటినుంచీ, కుర్చీలో ఉన్నవాళ్ళు ఆ మాట అంటే నా తలకి నన్ను అడిగే అలవాటు లేదు. డబ్బా నా కొలతకి చక్కగా సరిపోయింది, ఇసుమంతైనా జారలేదు. తలే వంగింది.

'ఫిర్యాది పూర్తిగా సంతృప్తి చెందారు' అని పచ్చటి అక్షరాలు మెరిశాయి.

ఇంటికొచ్చేసరికి చిన్నది గుమ్మంలోనే నిలబడి ఉంది. "నాకు అర్థం కాలేదని చెప్పావా, నాన్నా?"

తల ఊపాను.