గౌరవ సభ్యుల క్రికెట్టు

ఆ శుక్రవారం పొద్దున్న ఎడ్విన్ థ్రూప్ మాస్టారు ఉడికిన గుడ్డు పెంకు ఒలుస్తూ, ఆనాటి కార్యక్రమాన్ని భార్యకు నాలుగోసారి వినిపించాడు. పన్నెండింటికి ఆట మొదలు. ఒంటిగంటకు భోజనం. రెండింటికి పాలకమండలి కొత్త అధ్యక్షురాలు లేడీ ఆర్మిటేజ్ రాక. నాలుగింటికి టీ. ఇందులో తప్పు జరగడానికి చోటెక్కడుందో చూపించమని సవాలు కూడా చేశాడు.

"కిందటేడూ ఇదే మాట అన్నారు," అంది హిల్డా, రొట్టెకు వెన్న రాస్తూ. వెన్న ఇంకా రేషను మీదే దొరికే రోజులు కనుక ఆవిడ రాస్తున్నది పేరుకే. "బిషప్పు గారి నెత్తిన షామియానా కూలింది."

"గాలి వీస్తే నేనేం చెయ్యనూ?"

"అంతకు ముందేడు బ్యాండు మేళం వాళ్లు పక్క ఊరి బడికి పోయి వాయించి వచ్చారు."

"ఈసారి షామియానా లేదు, బ్యాండూ లేదు. పదిమంది పార్లమెంటు సభ్యులు, పదిమందీ మన బళ్లో చదివినవాళ్లే. అందరికీ లాటిన్ చెప్పింది నేనే. నేను రమ్మంటే రాకుండా ఉంటారా?"

"వస్తారు లెండి. ఉంటారా అని నా భయం," అంది హిల్డా.

హాల్‌స్టోక్ పాఠశాలకు నాలుగు వందల ఏళ్లు. అక్కడ చదివి పార్లమెంటుకు వెళ్లినవాళ్ల పేర్లు పెద్ద హాల్లో గోడ పొడుగునా బంగారు అక్షరాల్లో ఉంటాయి. వాళ్లలో ఇద్దరికి రాజుగారు తల తీయించాడు. మిగతావాళ్లు అక్కడేం చేశారో గోడ చెప్పదు.

థ్రూప్ మాస్టారు పాఠాలు మానేసి రెండేళ్లయింది. పూర్వ విద్యార్థుల సంఘానికి కార్యదర్శి కాబట్టి బడి గేటు మీదున్న రెండు గదుల్లో కాపురం సాగుతోంది. పదవి పోతే గదులు పోతాయి. ఆ రెండు గదులు తప్ప వాళ్లకి వేరే గూడు లేదు. ఈసారి వార్షికోత్సవం కూడా అభాసుపాలైతే ఆ పదవిని భూగోళం చెప్పే పిగట్‌కి ఇచ్చేస్తానని ప్రధానోపాధ్యాయుడు డాక్టర్ రాన్స్‌లీ మొహాన్నే చెప్పేశాడు. పిగట్ అప్పుడే ఒకసారి వచ్చి, పరదాల కోసం కిటికీలు కొలుచుకుని పోయాడు కూడా.

ఇంతకీ ఒక చిక్కుంది. అదే శుక్రవారం సాయంత్రం నాలుగింటికి లండన్‌లో మురుగు కాలవల బిల్లు మీద ఓటింగు. అధికార పక్షానికి ఆధిక్యం మూడంటే మూడు. ఒక్కడు తక్కువైనా ప్రభుత్వానికి చెమటలు పడతాయి. అదృష్టం కొద్దీ మాస్టారి పదిమందిలో అయిదుగురు అటు, అయిదుగురు ఇటు. అటొకడు మానేస్తే ఇటొకడు మానేయాలి, లెక్క మారదు. దాన్ని వాళ్లు జత కట్టడం అంటారు. దానికి కాగితం లేదు, సంతకం లేదు, మాటే పూచీ. పదకొండున్నరకు మైదానం మధ్య, మాస్టారి ఎదుట, ప్రతిపక్షం తరఫున సర్ మార్మడ్యూక్ హెల్లియర్, ప్రభుత్వం తరఫున టెడ్ ఆక్లీ చేతిలో చెయ్యేసుకున్నారు.

"బడి మీద ఒట్టు," అన్నాడు సర్ మార్మడ్యూక్.

"బడి మీద ఒట్టు. మాస్టారూ, మీరే సాక్షి," అన్నాడు ఆక్లీ.

మాస్టారి కళ్లలో నీళ్లు తిరిగాయి. పదకొండోవాడుగా తనే టోపీ పెట్టుకుని దిగాడు. పన్నెండు నుంచి ఒంటిగంట దాకా బడి కుర్రాళ్లు బ్యాటింగు చేస్తుంటే దేశాన్ని ఏలే పెద్దలు బంతి వెనక ఆయాసపడుతూ పరిగెత్తారు. అంతా సవ్యంగా జరిగింది.

భోజనాల దగ్గర ఆక్లీ తలకాయలు లెక్కపెట్టాడు. పదిమందికి తొమ్మిదే తేలాయి.

"ఒరేయ్ హెల్లియర్, మీ నట్టల్ ఏడిరా?"

"ఇక్కడే ఎక్కడో ఉంటాడు."

"ఇక్కడుంటే వాడి పళ్లెంలో మాంసం ముక్క అలాగే ఉందేం?"

అందరూ ఆ పళ్లెం వంక చూశారు. రేషను రోజుల్లో అంత లావు మాంసం ముక్క వదిలేసి బుద్ధున్న మనిషి ఎక్కడికి పోతాడు? ఓటెయ్యడానికే పోతాడు. ఆక్లీ మొహం గంటు పెట్టుకున్నాడు. తన పక్షం వాడొకణ్ని పక్కకు పిలిచి చెవిలో ఏదో ఊదాడు. మరు నిమిషంలో ఆ మనిషి కాళ్లకు ప్యాడ్లతోనే స్టేషను దారి పట్టాడు.

"మీవాడెక్కడికిరా పరుగు?" అన్నాడు సర్ మార్మడ్యూక్.

"ఉత్తరం పోస్టు చెయ్యడానికి."

"చేతిలో ఉత్తరం లేదే?"

"అక్కడ రాసుకుంటాడు."

సర్ మార్మడ్యూక్ చల్లగా నవ్వి, పాపం అతనికి తపాలా బిళ్లలు కావాలేమోనని తనవాళ్లను ఇద్దర్ని పంపాడు. బిళ్లలు మోయడానికి ఇద్దరెందుకని ఆక్లీకి అనుమానం వచ్చింది. అతనూ ఇద్దర్ని పంపాడు. ఇక అటు ఇద్దరు, ఇటు ఇద్దరు మిగిలారు. నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గోడ గడియారం వైపు చూశారు. లండన్ బండి ఒంటిగంటా నలభైకి. కుర్చీలు ఒకేసారి వెనక్కి పడ్డాయి.

థ్రూప్ మాస్టారు గేటుకు అడ్డంగా నిలబడి చేతులు చాపాడు. "ఒరేయ్! మాటిచ్చారు కదరా!"

"మాట మాటే మాస్టారూ!" అని అరిచాడు సర్ మార్మడ్యూక్, అప్పుడే బయల్దేరుతున్న రొట్టెల బండి ఎక్కుతూ. "అవతలివాళ్లు దాన్ని నిలబెట్టుకుంటున్నారో లేదో చూడ్డానికే ఈ పరుగు!"

ఊళ్లో ఉన్న బండి అదొక్కటే. అందుకని ఆక్లీ కూడా అందులోకే దూకి, హెల్లియర్ పక్కనే రొట్టెల మీద కూర్చున్నాడు.

మాస్టారు వెనక్కి పరిగెత్తాడు. కనీసం ఆ నట్టల్ అయినా ఎక్కడో దొరక్కపోతాడా అని గదులన్నీ గాలించాడు. చివరికి జబ్బు పిల్లల గదిలో, కిటికీ పక్క మంచం మీద, గడ్డం దాకా దుప్పటి కప్పుకుని, నోట్లో థర్మామీటరుతో కనిపించాడు నట్టల్. వయసు నలభై ఏడు. రెండుసార్లు గెలిచినవాడు.

"ఏమిట్రా ఇది?" అన్నాడు మాస్టారు.

నట్టల్ థర్మామీటరు తీశాడు. "మేట్రన్ గారు మాస్టారూ. చూసిపోదామని వచ్చాను. నాలుక చాపమంది. చాపాను. పడుకోమంది."

"పడుకోమంటే పడుకోవడమేనా? పార్లమెంటు సభ్యుడివిరా నువ్వు!"

"చెప్పాను మాస్టారూ. అందుకే అంత పాలిపోయావు అంది."

"లే! లేచి ఆడుదువు గాని రా! నీవల్ల మిగతా తొమ్మండుగురూ లండన్ పోయారు!"

"లేవలేను. పంట్లాం బీరువాలో పెట్టి తాళం వేసేసింది," అని నట్టల్ గొంతు తగ్గించాడు. "మీరు అడిగి చూస్తారా మాస్టారూ?"

మేట్రన్ మిస్ స్పెన్‌లోకి డెబ్బయ్యేళ్లు. ముప్పయ్యేళ్లుగా ఆ గదిలో ఆవిడ మాటకు తిరుగు లేదు. ఆవిడ అడుగుల చప్పుడు వినగానే నట్టల్ థర్మామీటరు నోట్లో పెట్టేసుకున్నాడు. మాస్టారు కూడా, నిజం చెప్పాలంటే, రెండో తలుపు గుండా జారుకున్నాడు. దూరంగా రైలు కూత వినబడింది.

కొంప మునిగిందని మాస్టారు మెట్ల మీద చతికిలబడ్డాడు. ఉత్సవం పాడవడం ఇది మూడోసారి. ఇక ఈ వయసులో పెట్టే బేడా సర్దుకుని ఎక్కడికి పోవాలి? చెల్లెలి ఇంటి వెనక గదికా? ఆయనకు నిజంగానే దుఃఖం పొంగుకొచ్చింది. వెతుక్కుంటూ వచ్చిన హిల్డా అంతా విని ఒక్క క్షణం మాత్రం కళ్లు మూసుకుంది.

"ఆవిడ వాళ్ల మొహాలు చూసిందా?"

"ఎవరు, లేడీ ఆర్మిటేజా? చూళ్లేదు. రెండింటికి గదా వచ్చేది."

"అయితే ఇలా కూర్చోకండి. మనుషుల్ని వెతికితే దొరకరు. తెల్లబట్టల్ని వెతకండి."

పావుగంటలో హాల్‌స్టోక్‌లో తెల్లబట్టలున్న ప్రతి మగాడూ పార్లమెంటు సభ్యుడైపోయాడు. వంటశాల నుంచి లావుపాటి వంటవాడు బ్యాగ్‌షా వచ్చాడు, పిండి దులుపుకుంటూ. మంగలి, పాలవాడు, సున్నాలు వేసే అన్నదమ్ములిద్దరు, మాంసం కొట్టు యజమాని, చర్చిలో పాడేవాళ్లు ముగ్గురు. పదోవాడికి అసలైన క్రికెట్ బట్టలే ఉన్నాయి. అతను పిగట్. జరిగింది తెలిసి లోపల్లోపల మురిసిపోతూ గోడవార నిలబడి ఉన్నాడు.

"నేనెందుకు దిగాలండీ?" అన్నాడు.

"మైదానం ఖాళీగా కనిపిస్తే ఆవిడ అలిగి పోతుంది నాయనా," అంది హిల్డా. "ఆవిడ పోతే ఇక వార్షికోత్సవం ఎక్కడిది, కార్యదర్శి ఎక్కడ? రేపు నువ్వు కూర్చోవాల్సిన కుర్చీ, నువ్వే కాపాడుకో."

పిగట్ దిగాడు.

సరిగ్గా రెండింటికి డాక్టర్ రాన్స్‌లీ లేడీ ఆర్మిటేజ్‌ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. గేటు నుంచి ఇక్కడి దాకా పదిమంది పార్లమెంటు సభ్యుల గొప్ప చెబుతూనే ఉన్నాడు. మైదానం వైపు చూశాడు. తన వంటవాడు కనిపించాడు. పక్కన తన మంగలి.

"ఆ లావుపాటాయన ఎవరు?" అంది లేడీ ఆర్మిటేజ్.

దగ్గర్లోనే ఫీల్డింగు చేస్తున్న థ్రూప్ మాస్టారి పైప్రాణాలు పైనే పోయాయి. ప్రధానోపాధ్యాయుడు ఆయన వంక చంపేసేలా చూశాడు. తర్వాత అధ్యక్షురాలి వంక చూశాడు. కొత్త ప్రయోగశాల ఫైలు ఇంకా ఆవిడ సంతకం కోసమే ఎదురుచూస్తోంది.

"ఆయనా... ఉత్తరాది సభ్యుడండీ."

"ఏ పక్షం?"

"ఎక్కువగా... ఆహార వ్యవహారాలు చూస్తుంటారు."

అబద్ధం ఆడేశాడు. అంతే, ఆ క్షణం నుంచి డాక్టర్ రాన్స్‌లీ కూడా వీళ్లలో ఒకడైపోయాడు. మంగలిని ప్రతిపక్షంలో పెట్టాడు. సున్నాల అన్నదమ్ములకు చెరో జిల్లా ఇచ్చాడు. బౌండరీ చుట్టూ కూర్చున్న తల్లిదండ్రులకు సంగతి తెలుసు, పిల్లలకు ఇంకా బాగా తెలుసు. అయినా ఒక్కడంటే ఒక్కడు నోరు జారలేదు. బ్యాగ్‌షా ఒక తేలికైన క్యాచ్ వదిలేసినప్పుడు మాత్రం నాలుగో తరగతి నుంచి ఎవడో "రాజీనామా! రాజీనామా!" అని అరిచాడు. బడి మొత్తం అందుకుంది.

"పిల్లలకు రాజకీయ చైతన్యం బాగుందే," అంది లేడీ ఆర్మిటేజ్ మెచ్చుకుంటూ.

టీ వేళకు ఆవిడ పిగట్ చొక్కా చెయ్యి దొరకబుచ్చుకుంది. అతను అధికార పక్షం అని డాక్టర్ రాన్స్‌లీ అప్పటికే చెప్పి ఉన్నాడు. మాంసం రేషను, తడిసిన బొగ్గు, పన్నులు, రైళ్ల ఆలస్యం, అన్నీ పిగట్ మీద పడ్డాయి. నలభై నిమిషాలు కడిగి ఆరేసింది. పిగట్ ప్రధానోపాధ్యాయుడి చూపుకు భయపడి, "అవునండీ, తప్పేనండీ, మాదే తప్పండీ," అంటూ చల్లారిన టీ పట్టుకు నిలబడ్డాడు.

అప్పుడే తంతి వచ్చింది. సర్ మార్మడ్యూక్ పంపాడు. మాస్టారు గోడ చాటున విప్పి చదువుకున్నాడు. రెండున్నరకు ఎవరో సభలో తలలు లెక్కపెట్టమన్నారట. సభ సాగాలంటే ఉండాల్సింది కనీసం నలభై మంది. ఉన్నది ముప్పై ఒకరు. మిగతావాళ్లు ఎవరి జతల్ని వాళ్లు కట్టుకుని గుర్రప్పందేలకూ మేనకోడళ్ల పెళ్లిళ్లకూ పోయారు. సభ వాయిదా పడింది, మురుగు కాలవలు మురుగు కాలవల్లాగే ఉండిపోయాయి. సరిగ్గా తొమ్మండుగురు తక్కువయ్యారనీ, ఆ తొమ్మండుగురూ ఆ వేళప్పుడు రైల్లో ఒకరినొకరు కాపలా కాస్తున్నారనీ తంతి ముగించింది.

"ఏమిటది?" అని డాక్టర్ రాన్స్‌లీ లాక్కుని చదివాడు. చదివి మాస్టారి చెవి దగ్గరకు వంగాడు. "రేపు పొద్దున్న నా గదికి రండి. తాళాలు తీసుకురండి, గేటు గదులవి."

మాస్టారి చెయ్యి జేబులోని తాళాల మీదకు పోయింది. హిల్డా దూరం నుంచే ఆయన మొహం చూసి అర్థం చేసుకుంది. వచ్చి ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇంతలో లేడీ ఆర్మిటేజ్ చెంచాతో గ్లాసు మీద కొట్టి లేచి నిలబడింది.

"ముప్పయ్యేళ్లుగా నేను పార్లమెంటు సభ్యుల్ని చూస్తున్నాను," అంది. "ఉపన్యాసం ఇవ్వకుండా ఒక పూట గడిపినవాళ్లను ఇదే చూడటం. పరిగెత్తమంటే పరిగెత్తారు. తప్పు తమదేనని ఒప్పుకున్నారు. ఆ లావుపాటాయన నా చేతికి స్వయంగా కేకు అందించాడు! ఇటువంటి మనుషుల్ని తయారుచేసే బడికి ప్రయోగశాల కాదు, ఏదడిగినా ఇస్తాను. ఒకే ఒక్క షరతు. వచ్చే ఏడూ ఈ పదిమందే రావాలి. ఒక్క మొహం మారినా నేను రాను. వీళ్లను కూడగట్టిన థ్రూప్ గారు నేనున్నంత కాలం ఆ పదవిలోనే ఉండాలి. ఏమంటారు డాక్టర్ గారూ?"

డాక్టర్ రాన్స్‌లీ అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడు. సభ్యుల తరఫున వందన సమర్పణ చేయమని అధ్యక్షురాలు పిగట్‌ని కోరింది. పిగట్ లేచి, ఇంతటి ఉచితమైన నిర్ణయం తన రాజకీయ జీవితంలో చూడలేదని చెప్పి కూర్చున్నాడు. హిల్డా చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది. మాస్టారు మాత్రం దాచుకోలేక ఏడ్చేశాడు.

ఏడింటి బండికి అసలు సభ్యులు దిగారు. దొడ్డి గేటు గుండా వచ్చి, గదిలో వదిలేసిన సూట్లు వేసుకుని, మేట్రన్ దగ్గర్నుంచి నట్టల్‌ని విడిపించుకుని, వచ్చిన దారినే వెళ్లిపోయారు. పదిమంది పార్లమెంటు సభ్యులు పూటంతా ఏమైపోయారని ఎవరూ అడగలేదు, వాళ్లకు ఓట్లేసిన ఊళ్లలో ఆ ప్రశ్న అడిగి అడిగి ఎప్పుడో మానేశారు.