వీపు కొలత

అందరి ఇళ్ళలోనూ అటక మీద పాత సామాను ఉంటుంది. కోట్ల మాస్టారింట్లో బ్యాగులుంటాయి.

కోట్ల మాస్టారంటే కోట్లున్న మాస్టారనుకునేరు! మగవాళ్ళ కోట్లు కుట్టే దర్జీ. కుట్టీ కుట్టీ నడుము వంగిందే గానీ ఆ రెండో రకం కోట్లు ఆయన కంటపడలేదు పాపం.

అటక మీదున్నవన్నీ వీపుకి తగిలించుకునే బ్యాగులే. ఒకటి భుజాలు కోస్తుంది. ఒకటి వీపుని ఉడకబెడుతుంది. ఒకదానికి ఎటు చూసినా అరలే, అందులో పెట్టిన వస్తువు మళ్ళీ ఈ జన్మలో దొరకదు. ఆయన కళ్ళజోడు ఇంకా అందులోనే ఉందని ఇంట్లో ఒక నమ్మకం. ఇంకొకటి చూడ్డానికి బంగారంలా ఉంటుంది, తగిలించుకుని బైకెక్కితే మాత్రం వెనక ఎవరో కూర్చుని చొక్కా పట్టుకు లాగుతున్నట్టుంటుంది.

"ఇంకొక్క బ్యాగు ఈ గుమ్మం దాటిందంటే, నా బట్టలు అందులోనే సర్దుకుని మా అమ్మ దగ్గరికి పోతా" అని వాళ్ళావిడ ఎప్పుడో తేల్చి చెప్పేసింది.

"పోనీలే, అలాగైనా ఒకటి పనికొస్తుంది" అన్నాడాయన.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. వారం పాటు ఇంట్లో మాటల్లేవు.

ఇలాంటి ఇంట్లో ఉన్న మనిషికి, సరిగ్గా ఇప్పుడే, కొత్త బ్యాగు కావాల్సి వచ్చింది. ఆయన స్నేహితులు శనివారం పొద్దున్న బైకుల మీద కొండల్లోకి బయల్దేరుతున్నారు. మూడు రోజుల ప్రయాణం. సగం దూరం బండి మీద, ఆ పైన బండి పోని దారిలో నడక, చివర ఒక సరస్సు. వాళ్ళ నాయకుడు కరెంటు పని చేసే మనిషి. అందరూ కెప్టెన్ అంటారు, ఆయనా అది నిజమే అనుకుంటాడు.

కిందటిసారి నడిరోడ్డు మీద మాస్టారి బ్యాగు అడుగు ఊడిపోయింది. లోపలి బట్టలన్నీ గాల్లోకి లేచి, ఒక బనీను వెళ్ళి వెనకొచ్చే పాలవ్యాను అద్దానికి అతుక్కుంది. డ్రైవరు తిట్టిన తిట్లు కెప్టెన్‌కి ఇంకా కంఠతా వచ్చు.

"మాస్టారూ, ఈసారి నడుము బెల్టున్న మంచి బ్యాగు కొని, తగిలించుకుని నాకు చూపించాలి. సరిగ్గా కుదిరితేనే వస్తారు. లేదంటే మీ చోటు ఇంకొకళ్ళకిచ్చేస్తా, ఏమీ అనుకోవద్దు" అన్నాడు కెప్టెన్.

ఏమీ అనుకోకుండా ఎలా ఉంటాడు? తెల్లారి లేస్తే మిషను ముందు కూర్చోవడం, తలొంచి కాలర్లు చూడ్డం, పొద్దుపోయాక ఇంటికి రావడం. ఆయన బతుకంతా ఇంతే. మూడు రోజులు, మూడంటే మూడు రోజులు, కాలరు కనబడని చోట తలెత్తి నడవాలని ఆయన కోరిక. అదీ దక్కదేమోనని అన్నం సయించడం మానేసింది.

అప్పుడు పుట్టింది ఆ దిక్కుమాలిన ఉపాయం.

"ఏమోయ్" అన్నాడు పొద్దున్నే, గొంతులో తేనె కలుపుకుని. "నీ వాకింగ్‌కి మంచి బ్యాగొకటి తెప్పిద్దామనుకుంటున్నా."

"నా వాకింగ్‌కా? నేను వీధి చివరిదాకా వెళ్ళొస్తాను. అందులో ఏం పెట్టుకోను, గాలా?"

"నీళ్ళ సీసా... గొడుగు... మనిషన్నాక ఏవో ఉంటాయిగా."

ఆవిడ పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్లో పనిచేస్తుంది. బుగ్గ బూరెలా వాచినవాళ్ళు వచ్చి "అబ్బే, నొప్పేం లేదండీ" అంటుంటే రోజంతా వింటుంది. అబద్ధం నోట్లోంచి రాకముందే ఆవిడకి వాసనొస్తుంది. మొగుణ్ణి ఓసారి ఎగాదిగా చూసింది.

"ఎంత ప్రేమండీ మీకు! సరే, తెప్పించండి. కొలతలవీ నాకు తెలీవు, మీ ఇష్టం" అంది.

అంత తేలిగ్గా ఒప్పుకుందంటే ఆయన భయపడాల్సింది. సంబరపడ్డాడు! ఆయన లెక్కేమిటంటే, బ్యాగు తన కొలతకి తెప్పిస్తాడు. అది ఆవిడకి పెద్దదైపోతుంది. "నాకొద్దు, మీరే వాడుకోండి" అని ఆవిడే ఆయన చేతిలో పెడుతుంది.

బ్యాగుల షాపతను ఫోన్లో అసలు సంగతి చెప్పాడు. "రంగూ అరలూ తర్వాత సార్. ముందు వీపు పొడుగు కావాలి. మెడ కింద ఎముక నుంచి నడుము దాకా. ఆ కొలత కుదిరితే బరువంతా తుంటి మీద కూర్చుంటుంది, భుజాల మీద పడదు. కుదరకపోతే ఎంత మంచి బ్యాగైనా రాళ్ళమూటే."

అటక మీది బ్యాగులన్నీ ఎందుకు ఏడిపించాయో మాస్టారికి అప్పుడు తెలిసింది. ఊరందరి వీపులూ కొలిచాడు గానీ తన వీపు ఎన్నడూ కొలుచుకోలేదు. ఇప్పుడు కొలవమని పెళ్ళాన్ని అడిగితే గుట్టు రట్టవుతుంది.

దర్జీకి దారి లేకపోవడమేమిటి? మనిషి రాలేనప్పుడు పాత బట్ట ఆదిగా పెట్టుకుని కొత్తది కుట్టడం ఆయన రోజూ చేసే పనే. బైకెక్కేటప్పుడు తొడుక్కునే కోటు పడగ్గదిలో తన కొక్కేనికే ఉంది. ఆవిడ స్నానానికి వెళ్ళగానే టేపు తీశాడు. కాలరు కింద నుంచి నడుము కుట్టుదాకా చకచకా కొలిచాడు.

కొలత చూసుకుని మంచం మీద కూలబడ్డాడు.

ఇంత పొట్టి వీపా తనది! మళ్ళీ కొలిచాడు. అంతే వచ్చింది. టేపు అబద్ధం చెప్పదు. అయితే మిషను మీద వంగీ వంగీ వెన్ను కుంగిపోయిందన్నమాట! ఆ రోజంతా నిలువుటద్దం ముందు నించుని నిట్టూర్చాడు.

"ఏంటండీ, అలా ఉన్నారు?" అంది ఆవిడ.

"మనిషి చూస్తుండగానే కుంచించుకుపోతాడే."

"ఉతికితే బట్టలు కురచవడం చూశాను గానీ మనుషులు కురచవడం చూళ్ళేదు. లేచి అన్నం తినండి."

గుండె రాయి చేసుకుని ఆ కొలతే షాపతనికి చెప్పాడు.

శుక్రవారం సాయంత్రం బ్యాగొచ్చింది. ఆవిడ తగిలించుకుంది, నడుము బెల్టు పెట్టుకుంది, హాల్లో ఆ చివర నుంచి ఈ చివరకి నడిచింది.

"భుజాల దగ్గర లాగుతోందా?" అన్నాడాయన ఆశగా.

"లేదే."

"నడుము కింద కొట్టుకుంటోందేమో?"

"అబ్బే, హాయిగా ఉంది."

"బరువు పెట్టలేదుగా, అందుకే!"

ఆవిడ రెండు నీళ్ళ క్యాన్లు, దుప్పటి, ఇస్త్రీపెట్టె అందులో కుక్కి మళ్ళీ తగిలించుకుని, అలాగే మేడ మెట్లెక్కి దిగింది. "అసలు ఏమీ లేనట్టే ఉందండీ! మీ చెయ్యి మంచిది" అంది.

ఆవిడ వంటింట్లోకి వెళ్ళగానే మాస్టారు బ్యాగు ఖాళీ చేసి తనూ తగిలించుకున్నాడు. నడుముకి రావాల్సిన బెల్టు డొక్కల మీదికొచ్చింది. ఊపిరి బిగబట్టి, పొట్ట లోపలికి లాక్కుని క్లిప్పు పెట్టాడు. టక్‌మని పడింది. ఊపిరి వదిలాడు. పొట్ట ముందుకొచ్చింది. క్లిప్పు ఇక ఊడనంది.

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని కెప్టెన్ వచ్చాడు.

"ఇదేంటి మాస్టారూ! బ్యాగు మీరు తగిలించుకున్నారా, అది మిమ్మల్ని తగిలించుకుందా?"

"బాగా... కుదిరింది" అన్నాడు మాస్టారు, ఉన్న కాస్త ఊపిరితో. మొహం కందగడ్డయింది.

ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, "పొట్ట లోపలికి" అని, ఒక్క వేలితో క్లిప్పు ఊడదీసింది. బ్యాగు తీసి తను తగిలించుకుని కెప్టెన్ వైపు వీపు తిప్పి నించుంది.

"చూడండి తమ్ముడూ. దీని కోసమే మిమ్మల్ని రమ్మన్నాను."

కెప్టెన్ చుట్టూ తిరిగి చూశాడు. బెల్టు లాగాడు, పట్టీల కింద వేలు పెట్టి చూశాడు. "వదినా, మా గుంపులో ఒక్కడికీ ఇంత బాగా కుదర్లేదు. బండి నడుపుతారా?"

"రోజూ ఆసుపత్రికి నేను వెళ్ళేది మరి బండి మీదేగా."

"ఇంకేం! మా ఆవిడా వస్తోంది. మాస్టారి చోటు మీదే" అని కెప్టెన్ వెళ్ళిపోయాడు. కనీసం మాస్టారి మొహమైనా చూళ్ళేదు.

"నా కొలత కదా అది..." అన్నాడు మాస్టారు ఏడుపు గొంతుతో.

"మీ కొలత కాదు, నాది. మీ కోటులో మిగిలిన గుడ్డతో నాకూ ఒకటి కుట్టారు, గుర్తుందా? గుండీలు కూడా మగవాళ్ళ వైపే కుట్టారు, ఇంకో రకం చేతకాక. ఆ రోజు మీ కొక్కేనికి ఉన్నది నా కోటు. ఆదికి మీరు కోటే తీస్తారని తెలిసి నేనే తగిలించా."

"ఎందుకే ఇంత పని చేశావు? ఆ మూడు రోజుల కోసం నేనెంత..."

"తెలుసు. మీరు కాలర్లు చూసీ చూసీ విసిగిపోయారు. నేను నోళ్ళు చూసీ చూసీ విసిగిపోయాను. 'నువ్వూ వస్తావా' అని ఏనాడైనా ఒక్కసారి అడిగారా?"

అడగలేదు. అబద్ధం ఆడదామని నోరు తెరిచాడు గానీ, ఎదురుగా ఉన్నది ఎవరో గుర్తొచ్చి మూసేశాడు.

శనివారం తెల్లవారుతుండగా ఆవిడ ఆయన బండి తీసింది.

"వెనక సీటు మీద నేను కూర్చుంటానే. ఓ మూలకి ఒదిగి కూర్చుంటా" అన్నాడు.

"మీరు నా వెనక కూర్చుంటే ఈ బ్యాగు మీ మొహానికి కొట్టుకుంటుందండీ. పాలు కాచి పెట్టా" అని బండి ముందుకి పోనిచ్చింది. మలుపు దగ్గర చెయ్యి ఊపింది. ఆవిడ అంత నిటారుగా కూర్చోవడం ఆయన ఏనాడూ చూళ్ళేదు.

పక్కింటాయన గేటు దగ్గరికి వచ్చాడు. "మీరు వెళ్ళలేదేం మాస్టారూ?"

"లేదండీ."

"మేడమ్‌గారి బ్యాగు భలే ఉందే! కొలిచి కుట్టినట్టుంది. ఎవరు తెప్పించారండీ?"

మాస్టారు రోడ్డు వంక చూశాడు. ఎవరూ లేరు.

"నేనేనండీ" అన్నాడు.